ప్యాకర్స్ పైనా, పేట్రియాట్స్ పైనా? ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ ఎంతవరకు తేలుస్తుంది

అమెరికన్ ఫుట్‌బాల్‌లో చరిత్ర మొత్తం మీద ఏ జట్టు గొప్పదన్న వాదన ముదిరితే, చివరికి ఎవరో ఒకరు ఫోన్ తీసి చూపించేది ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైటునే. డగ్ డ్రైనన్ అనే గణితం ప్రొఫెసర్ 2000లో మొదలుపెట్టిన సైటు ఇది. ఇప్పుడు స్పోర్ట్స్ రిఫరెన్స్ సంస్థ చేతుల్లో ఉంది. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు భరిస్తే చాలు. ఒకటి మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఇది లెక్కలిస్తుంది తప్ప తీర్పు ఇవ్వదు. ఏదో ఒక కాలమ్‌ని తీర్పు అనుకున్నవాళ్ళంతా బోల్తా పడతారు.

టీమ్స్ పేజీ తెరిస్తే ఇప్పుడున్న 32 ఫ్రాంచైజీలూ ఒకే పట్టికలో కనిపిస్తాయి. ఏ ఏడు నుంచి ఆడుతున్నాయి, గెలుపులు, ఓటములు, టైలు, గెలుపు శాతం, ప్లేఆఫ్స్‌కి వెళ్ళిన ఏళ్ళు, చాంపియన్‌షిప్పులు (అన్ని కాలాల టైటిళ్ళూ కలిపి), సూపర్ బౌల్‌లు (1966 సీజన్ నుంచి జరుగుతున్న ఫైనల్), అన్నీ అందులోనే. శీర్షిక మీద నొక్కితే ఆ కాలమ్ ప్రకారం వరుస మారిపోతుంది. తమాషా అక్కడే మొదలవుతుంది. చాంపియన్‌షిప్పుల మీద నొక్కితే గ్రీన్ బే ప్యాకర్స్ 13తో ముందు, చికాగో బేర్స్ 9, న్యూయార్క్ జెయింట్స్ 8. సూపర్ బౌల్‌ల మీద నొక్కితే పేట్రియాట్స్, స్టీలర్స్ చెరో 6. ఫార్టీ నైనర్స్, కౌబాయ్స్ చెరో 5. బేర్స్ ఒక్కదానికి పడిపోతుంది, అదీ 1985 సీజన్‌ది. గెలుపు శాతం చూస్తే ఇంకో లోకం. 1976, 77లలో మొదటి 26 మ్యాచ్‌లూ ఓడి ఆట మొదలుపెట్టిన టాంపా బే బకనీర్స్ అట్టడుగున ఉంటుంది, కానీ దాని ఖాతాలో 2002, 2020 సూపర్ బౌల్‌లు రెండున్నాయి. శాతంలో ఎంతో పైనుండే మిన్నెసోటా వైకింగ్స్ నాలుగు సూపర్ బౌల్‌లు ఆడి నాలుగూ ఓడింది.

గెలుపు శాతాన్ని నమ్మకపోవడానికి ఇంకో గట్టి కారణం టై మ్యాచ్‌లు. 1972కి ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ (ఈ జట్లన్నీ ఆడే లీగ్) శాతం కట్టేటప్పుడు టైలను అసలు లెక్కలోకే తీసుకునేది కాదు. 1932 సీజన్ చూడండి. బేర్స్ 7 గెలిచి, 1 ఓడి, 6 టై చేసుకుంది. టైలు తీసేస్తే .875, అంటే చాంపియన్. ప్యాకర్స్ 10 గెలిచి 3 ఓడింది, ఒక టై, .769. ఇప్పటి పద్ధతిలో టైకి సగం గెలుపు వేస్తే బేర్స్ .714, ప్యాకర్స్ .750. టైటిలే చేతులు మారేది! పాత జట్ల శాతాలను కొత్త జట్ల పక్కన పెట్టే ముందు టైలకు సగం సగం వేసి మీరే కొత్తగా కట్టుకోండి. పట్టికలో టైల కాలమ్ విడిగా ఉంది కాబట్టి ఒక్క నిమిషం పని.

జట్టు పేజీలోకి వెళ్తే సరుకు చిక్కగా ఉంటుంది. ప్రతి సీజన్‌కీ ఒక వరుస: లీగ్, గెలుపోటములు, డివిజన్‌లో స్థానం, ప్లేఆఫ్స్‌లో ఏ మెట్టు దాకా వెళ్ళింది, చేసిన పాయింట్లు, ఇచ్చిన పాయింట్లు, చివర్లో ఎస్‌ఆర్‌ఎస్ (సింపుల్ రేటింగ్ సిస్టమ్). ఈ ఎస్‌ఆర్‌ఎస్ మనకు ఐపీఎల్‌లో అలవాటైన నెట్ రన్ రేట్ లాంటిదే, కాకపోతే ఎదుటి జట్టు బలాన్ని కూడా కలుపుకుంటుంది. సగటు జట్టుకు సున్నా. ఒక జట్టు నిజంగా ఎంత బలంగా ఆడిందో చెప్పడంలో గెలుపు శాతం కన్నా ఇది చాలా నయం. అయితే ఇది చెప్పేది బలం, విజయం కాదు. 2007లో పేట్రియాట్స్ 589 పాయింట్లు చేసి 274 ఇచ్చి, 16కి 16 గెలిచింది. జెయింట్స్ 373 చేసి 351 ఇచ్చి 10-6తో గట్టెక్కింది. సూపర్ బౌల్‌లో మాత్రం 17-14తో జెయింట్స్‌దే గెలుపు. చారిత్రక ర్యాంకింగ్‌లో ఎస్‌ఆర్‌ఎస్‌ని సమానమైనప్పుడు విడదీయడానికే వాడాలి.

వరుసలను ఎక్సెల్‌లోకి దింపుకోవడం తేలిక. పట్టిక పైన షేర్ అండ్ ఎక్స్‌పోర్ట్ మెనూ నొక్కి సీఎస్‌వీ ఎంచుకోండి, వచ్చినదాన్ని కాపీ చేసుకోండి. రెండు చోట్ల చిక్కు పడుతుంది. ప్లేఆఫ్స్‌కి వెళ్ళిన ఏడాది జట్టు పేరుకు నక్షత్రమో కూడిక గుర్తో అంటుకుని వస్తుంది. ఎక్సెల్‌లో నక్షత్రం అంటే "ఏదైనా" అని అర్థం కాబట్టి దాన్ని నేరుగా వెతికి తీసేయబోతే పేర్లన్నీ ఊడ్చుకుపోతాయి. నక్షత్రానికి ముందు టిల్డా గుర్తు పెట్టి వెతకాలి. రెండోది, పొడవాటి పట్టికల్లో శీర్షిక వరుస మధ్యమధ్యలో మళ్ళీ వస్తుంది. తీసేయకుండా వరుసలు లెక్కపెడితే లెక్క తప్పుతుంది. పేజీ చిరునామాల్లో జట్ల పొట్టి పేర్లు కూడా తికమకే: టైటన్స్‌కి (ఒకప్పటి హ్యూస్టన్ ఆయిలర్స్) ఓ-టీ-ఐ, కార్డినల్స్‌కి సీ-ఆర్-డీ, టెక్సన్స్‌కి హెచ్-టీ-ఎక్స్.

జట్లు ఊళ్ళు మారిన చోట సైటు లీగ్ అధికారిక లెక్కనే పాటిస్తుంది. ఆయిలర్స్ 1997లో టెనెసీకి వెళ్ళినప్పుడు చరిత్రా వెంట వెళ్ళింది, 1960, 61 ఏఎఫ్‌ఎల్ (1970లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో విలీనమైన పోటీ లీగ్) టైటిళ్ళతో సహా. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 1995 తర్వాత బాల్టిమోర్‌కి తరలినప్పుడు మాత్రం చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే ఆగిపోయింది. రేవెన్స్ 1996లో కొత్త జట్టుగా లెక్క. రేవెన్స్ గెలుపు శాతం అంత మెరుగ్గా కనిపించడానికి ఇదీ ఒక కారణం, చెడ్డ పాతకాలం దాని ఖాతాలో లేదు. బ్రౌన్స్ విషయంలో లీగ్ కాలమ్ తప్పక చూడండి. 1946 నుంచి 49 దాకా ఏఏఎఫ్‌సీ అనే వేరే లీగ్‌లో గెలిచిన నాలుగింటినీ కలిపితే 8 టైటిళ్ళు, ఎన్‌ఎఫ్‌ఎల్ వరకే అయితే 4.

ఇక అసలు పని. 1929లో లీగ్‌లో ఉన్నవి 12 జట్లు, ఇప్పుడు 32. రెండు టైటిళ్ళకూ ఒకే విలువ ఇస్తే పాత జట్లకు పండగే. చాంపియన్‌షిప్పుల కాలమ్‌తో ఉన్న లోపం ఇదే, దీనికి సైటులో మందు లేదు. కానీ ప్రతి సీజన్ పేజీలోనూ ఆ ఏడాది జట్లన్నీ ఉంటాయి కాబట్టి లెక్క కట్టుకోవచ్చు. ఆ ఏడాది పోటీలో ఎన్ని జట్లున్నాయో ఆ సంఖ్యను 32తో భాగించి, టైటిల్‌కి ఆ విలువ ఇవ్వండి. సూపర్ బౌల్ మొదలైన 1966 సీజన్ నుంచి విలీనం పూర్తయిన 1970 వరకు రెండు లీగుల జట్లనూ కలపాలి: 1966లో 15, 9 కలిసి 24. ప్యాకర్స్ 1929, 30, 31లలో వరుసగా గెలిచిన మూడూ 12, 11, 10 జట్ల మధ్య గెలిచినవి. మూడూ కలిపితే 33 బై 32, అంటే ఈనాటి టైటిల్ ఒక్కటి.

2024 సీజన్ దాకా ఇలా కడితే ప్యాకర్స్ 6.72, పేట్రియాట్స్ 5.97, స్టీలర్స్ 5.38. జెయింట్స్ 5 దాటుతుంది. 9 టైటిళ్ళ బేర్స్ 3.72కి దిగుతుంది, సూపర్ బౌల్‌లు నాలుగే ఉన్న కాన్సాస్ సిటీ చీఫ్స్ 3.81తో దాన్ని దాటేస్తుంది. చీఫ్స్‌కి 1962 ఏఎఫ్‌ఎల్ టైటిల్‌ని 8 జట్ల విలువతో కలిపితే 4.06. ప్యాకర్స్ మొదటి స్థానం నిలబడింది గానీ, 13కి 6 అన్న అంతరం ఒక్కటికన్నా తక్కువకు కుంచించుకుపోయింది. సరైన చిత్రం ఇదేనని మా అభిప్రాయం.

కౌబాయ్స్, ఫార్టీ నైనర్స్ దగ్గర మాత్రం ఈ లెక్క కూడా చేతులెత్తేస్తుంది. రెండింటికీ 4.375. ఆడిన సూపర్ బౌల్‌లు రెండింటికీ 8, ఓడినవి మూడేసి. గెలుపు శాతం కౌబాయ్స్ వైపు. కౌబాయ్స్ 1995 టైటిల్ తర్వాత మళ్ళీ ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) ఆడింది లేదు కాబట్టి ఈ తరం ఆట ఫార్టీ నైనర్స్ వైపు. మా ఓటు రెండోదానికే. కౌబాయ్స్ కార్యాలయం ఉన్న ఫ్రిస్కోలో స్థిరపడ్డ మనవాళ్ళు క్షమించాలి.

తేదీల దగ్గర జాగ్రత్త: సైటు అంతా సీజన్ పేరుతోనే నడుస్తుంది. ఈగల్స్ 2025 ఫిబ్రవరిలో గెలిచిన సూపర్ బౌల్ 2024 వరుసలో ఉంటుంది.

డబ్బు కట్టే స్టాట్‌హెడ్ ఇదే సంస్థది. మ్యాచ్ స్థాయిలో వడపోతలు కావాలంటే పనికొస్తుంది, ఈ ర్యాంకింగ్‌కి మాత్రం అక్కర్లేదు. 32 జట్ల పేజీలనూ ప్రోగ్రాం రాసి లాగాలనుకునేవాళ్ళు పేజీకీ పేజీకీ నడుమ నాలుగైదు సెకన్లు ఆగేలా రాసుకోండి. నిమిషానికి 20 దాటితే సైటు కొంతసేపు మిమ్మల్ని లోపలికి రానివ్వదు. చేత్తో చేసినా మూడు గంటల్లో తేలిపోయే పనే.