కరెంటు పోయినా వైఫై ఆగకుండా మినీ యూపీఎస్, ఏడు నెలలు వాడాక చెప్తున్నా

మా అక్క కువైట్‌లో ఉంటుందండి, పాపని ఇక్కడ మా అమ్మే పెంచుతుంది. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి, అంటే అక్కడ ఆరింటికి, వీడియో కాల్ చేస్తది. సరిగ్గా ఆ టైముకే కరెంటు పోయేది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, లైన్లన్నీ కొబ్బరి తోటల్లోంచే వెళ్తాయి, కాస్త గాలేస్తే ఓ మట్ట ఊడి తీగల మీద పడుద్ది, ఇక లైన్‌మేన్ వచ్చి తీసేదాకా చీకటే. సెల్ సిగ్నలన్నా ఉంటదా అంటే టవర్ బ్యాటరీ ఉన్నంతసేపే, ఆ తర్వాత జనరేటర్‌లో డీజిల్ లేకపోతే అదీ పోద్ది.

అందుకే మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రూటర్‌ని నడిపించే చిన్న బ్యాటరీ డబ్బా, కొందామనుకున్నా. ముందు ఆన్‌లైన్‌లో చవకది తెప్పించి చేతులు కాల్చుకున్నా. పైన 2 యాంప్స్ అని ఉంది గానీ కరెంటు పోగానే రూటర్ ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యేది, ఫైబర్ లైన్ కలిసిందని చూపించే పాన్ (PON) లైట్ పచ్చగా నిలబడేసరికి రెండు మూడు నిమిషాలు, ఈలోపు కాల్ కట్. ఏప్రిల్లో అమలాపురంలో షాపుకి రూటర్ అడాప్టర్ కూడా పట్టుకెళ్ళా, షాపాయన దాని మీద 12 వోల్టులు 1 యాంప్ అని చూసి, పిన్ను సరిపోయిందో లేదో పెట్టి చూసి మరీ ఇచ్చాడు. 1,650 రూపాయలు. దీంతో కరెంటు పోయిన సంగతి రూటర్‌కి తెలియనే తెలియదు. చీకట్లో ఆ పచ్చ లైటు చూసి మా పాప "అమ్మ లైటు" అంటది.

డబ్బా మీద 10,000 ఎంఏహెచ్ అని చూసి రోజంతా వస్తదనుకోకండి. ఆ లెక్క లోపలి సెల్ 3.7 వోల్టుల మీద, అంటే 37 వాట్ అవర్లు. మా రూటర్ 8 వాట్ల దాకా లాగుద్ది, 12 వోల్టులకి పెంచడంలో కొంత పోద్ది, అటూ ఇటూగా నాలుగ్గంటలు. మాకు అంతే వస్తంది.

ఇంకోటి, ఇది కొనేముందు మీ లైన్ ఏంటో మీ కేబుల్ అతన్ని అడగండి. అవతల ఆఫీసు నుంచి ఇంటిదాకా ఫైబరే అయితే మధ్యలో ఒక ఫైబర్‌ని నాలుగిళ్ళకి చీల్చే స్ప్లిటర్లకి కరెంటు అక్కర్లేదు, ఆ చివర వాళ్ళ బ్యాకప్, ఈ చివర మన యూపీఎస్ ఉంటే చాలు. అదే మధ్యలో స్తంభానికి నెట్‌ని ఇళ్ళకి పంచే స్విచ్ డబ్బా పెట్టి అక్కణ్ణుంచి మామూలు వైరు లాగారనుకోండి, ఊళ్ళో కరెంటు పోతే ఆ డబ్బా కూడా ఆగిపోద్ది, మీరు ఎంత మంచి యూపీఎస్ కొన్నా దండగే. పాత ల్యాండ్‌లైన్‌కి ఈ గొడవే లేదు, ఎక్స్ఛేంజ్ నుంచే 48 వోల్టులు తీగలో వచ్చేవి.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిందే, ఆ రోజు మాకు చీకటి పడకముందే కరెంటు తీసేశారు. సిగ్నల్ ఒక గీత, అదీ వస్తా పోతా. ఫోన్‌లో వైఫై కాలింగ్ (టవర్ సిగ్నల్ బదులు వైఫై మీద మామూలు కాల్ వెళ్ళేది) ఆన్ చేసుంచా కాబట్టి రాజోలు బాబాయి వాళ్ళకి మామూలు నంబర్‌కే కాల్ కలిసింది, అక్కతో కూడా మాట్లాడాం, ఏడుస్తానే ఉంది పాపం. పదకొండు దాటాక రూటర్ మీద ఎల్‌ఓఎస్ (LOS, లైన్‌లో సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా వెలిగింది, ఎక్కడో చెట్టు పడి కేబుల్ తెగింది, దానికి యూపీఎస్ ఏం చేయలేదు లెండి.

ఈ యూపీఎస్ వేడెక్కుద్ది, దీన్ని రూటర్ కింద పెట్టకండి, పక్కన పెట్టండి. వారంటీ మాత్రం ఆరు నెలలే ఇచ్చారు, ఈ రేటుకి ఏడాది ఇవ్వాల్సింది.