ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నల్) లెక్కల యాప్ కొనే ముందు 1 గిగాహెర్ట్జ్, 1 కిలోమీటర్ కొట్టి చూడండి

టవర్ నుంచి టవర్‌కి రేడియోతో కలిపే మైక్రోవేవ్ లింకుల పని మీద సైట్లు తిరిగేవాళ్ల కోసం రాస్తున్నాను. లింక్ బడ్జెట్ (అవతల ఎంత సిగ్నల్ రావాలో చెప్పే లెక్క), ఫ్రెనెల్ జోన్ (దారిలో అడ్డు లేకుండా ఉండాల్సిన మేర), వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె), డీబీఎం (పవర్ కొలత) నుంచి వాట్లు, అన్నీ ఒకేచోట చేసిపెడతానంటూ ప్లే స్టోర్‌లో ఉన్న ఒక యాప్‌కి ఏడాది చందా కట్టాను. పేరు రాయను, దాని గుణం చెబుతాను. మీ ఫోన్లో ఉన్నది అదేనో కాదో మీకే తెలుస్తుంది.

మార్కాపురం వైపు ఒక 15 గిగాహెర్ట్జ్ హాప్, అంటే రెండు టవర్ల మధ్య ఒక లింక్. దూరం 10 కిలోమీటర్లు, రెండు వైపులా 0.6 మీటర్ల డిష్‌లు, ఒక్కోదాని గెయిన్ (డిష్ సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో) 36.5 డీబీఐ, ట్రాన్స్‌మిట్ పవర్ 20 డీబీఎం. ఓడీయూ (బయట ఉండే రేడియో పెట్టె) డిష్‌కే బిగించాం కాబట్టి ఫీడర్ లాస్ (మధ్య కేబుల్లో పోయే సిగ్నల్) గొడవ లేదు. యాప్ లెక్కన అవతల సిగ్నల్ మైనస్ 39 డీబీఎం రావాలి. వచ్చింది మైనస్ 43.

4 డీబీ తక్కువంటే ఎవరి అనుమానమైనా అలైన్‌మెంట్ (రెండు డిష్‌లు ఎదురెదురుగా ఉన్నాయా లేదా) మీదికే పోతుంది. అసలు బీమ్ బదులు పక్కనుండే బలహీనమైన సైడ్ లోబ్ మీద పట్టుకుంటే 20 డీబీ దాకా పడిపోతుంది, పోలరైజేషన్ (తరంగం నిలువా అడ్డమా అన్నది) తారుమారైతే ఇంకా ఎక్కువ. ఇది ఆ రెండూ కాదు, బీమ్ అంచున ఉన్నట్టుంది. ఆ డిష్‌కి బీమ్ వెడల్పు 2.3 డిగ్రీలే మరి. పాపం రిగ్గర్ మిట్టమధ్యాహ్నం టవర్ మీద వేలాడుతూ, ఓడీయూకి మల్టీమీటర్ తగిలించి ఏజీసీ వోల్టేజ్ (సిగ్నల్ ఎంత వస్తోందో చూపేది) చూసుకుంటూ, అజిమత్ (డిష్ తిరిగిన దిక్కు) బోల్టు కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పుతూనే ఉన్నాడు. "సార్, పీక్ ఇదే. ఎటు తిప్పినా తగ్గుతోంది" అని మొదట్లోనే అన్నాడు. అతని మాటే నిజం.

కాగితం మీద వేస్తే విషయం బయటపడింది. 92.45 + 20 లాగ్ 10 + 20 లాగ్ 15, అంటే సుమారు 136 డీబీ పాత్ లాస్ (గాల్లో దూరం వల్ల తగ్గే సిగ్నల్). 20కి రెండు డిష్‌ల 73 కలిపి, అందులోంచి 136 తీసేస్తే సరిగ్గా మైనస్ 43. యాప్ చూపిన లాస్ 131.8. మనం ఇచ్చిన 10 కిలోమీటర్లను అది లోపల 6.21 మైళ్లుగా మార్చి, ఆ 6.21ని కిలోమీటర్ల సూత్రంలో పెడుతోంది. మైళ్లతో లెక్క వేసేటప్పుడు 92.45 బదులు 96.6 ఉండాలి. ఆ 4.1 డీబీ అక్కడ పోయింది.

ఈ తప్పు ఓ పట్టాన దొరకదు. దూరం రెట్టింపు చేస్తే లాస్ 6 డీబీ పెరగాలని మనం చూసే చిన్న పరీక్షలో ఇది పాసవుతుంది, ఎందుకంటే తేడా ఎప్పుడూ ఒకటే. యూనిట్ మార్చి మైళ్లలో ఇచ్చినా అదే తప్పు అంకె వస్తుంది. పైగా మిగతావన్నీ కరెక్టే: 43 డీబీఎంకి 20 వాట్లు, 1.5 వీఎస్‌డబ్ల్యూఆర్‌కి 14 డీబీ రిటర్న్ లాస్ (అదే విషయాన్ని డీబీలో చెప్పేది). అవి చూసి నమ్మేస్తాం. అందుకే 1 గిగాహెర్ట్జ్, 1 కిలోమీటర్ ఇవ్వండి. పాత్ లాస్ 92.4 రావాలి. 88.3 వస్తే ఆ యాప్ ముట్టుకోకండి.

ఇంకో దరిద్రం, తెరవగానే లాగిన్ కోసం నెట్ అడుగుతుంది. సిగ్నల్ లేని చోట సిగ్నల్ తేవడానికే కదా మనం వెళ్లేది! కొనే ముందు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి. దాంట్లో ఉన్న దిక్సూచిని కూడా టవర్ దగ్గర నమ్మొద్దు. చుట్టూ ఇనుము ఉన్నప్పుడు ఫోన్ అజిమత్ ఎంత పక్కకి పోతుందో చెప్పలేం. ఇది ఈ ఒక్క యాప్ తప్పు కాదనుకోండి.

లెక్కతో సహా మెయిల్ పెడితే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది, అంతే. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పటికే కొన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ చేయండి, యూపీఐలో ఆటోపే ఇంకా ఉందేమో అదీ చూసుకోండి.