పాత కామిక్స్‌కు పాలిస్టర్ తొడుగు: చాలా ఏళ్ల వాడకం తరువాత

పాత ఇంద్రజాల్ కామిక్స్‌ను కొని, దాచి, అప్పుడప్పుడు అమ్మే నాకు 100 మైక్రాన్ల మందమున్న పాలిస్టర్ తొడుగు మీద ఇంత ఇష్టం కలగడానికి ఒకటే కారణం: దానిలోంచి పుస్తకం ఉన్నది ఉన్నట్టుగా కనిపిస్తుంది. పుస్తకాన్ని బయటికి తీయకుండానే, కొనేవారు ఎంత దూరంలో ఉన్నా దాని గ్రేడును, అంటే పుస్తకం ఎంత చెడకుండా ఉందో చెప్పే స్థాయిని, తమ కళ్లతో తామే తేల్చుకోవచ్చు.

పది పాయింట్ల కొలమానంలో వెరీ ఫైన్ అంటే 8.0, ఫైన్ అంటే 6.0. ఈ రెండింటి మధ్య తేడా చాలాసార్లు పుస్తకం వెన్ను మీదే, పిన్నుల దగ్గర రంగు చిట్లి తెల్లగా కనిపించే సన్నని గీతల్లోనే ఉంటుంది. కొంతకాలానికి మసకబారే మామూలు ప్లాస్టిక్ సంచిలో ఆ గీతలు కనిపించవు. స్టేషనరీ దుకాణాల్లో దొరికే పీవీసీ కవర్ల సంగతి మరీ అన్యాయం. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం క్రమంగా బయటికి వచ్చి అట్టమీది సిరాను అంటుకుంటుంది.

ఇంద్రజాల్ 1964 మార్చిలో మొదలైంది. మొదటి 32 సంచికలూ ముసుగు వీరుడు ఫాంటమ్ కథలే కావడంతో వాటికోసం వెతికేవారు నేటికీ ఎక్కువే. ఆ వరుసలోని ఒక సంచికను బెంగళూరులో స్థిరపడిన ఒక తెలుగు పెద్దమనిషికి వీడియో కాల్‌లో చూపించాను. ఆయన చాలాసేపు మౌనంగా చూసి, "ఏమీ అనుకోకండి, వెన్ను మీద ఆ నలుపు ఎవరైనా తర్వాత దిద్దినదా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. చిట్లిన చోట పెన్నుతో రంగు నింపడాన్ని మరమ్మతుగా లెక్కిస్తారు. అమెరికాలోని సీజీసీ వంటి గ్రేడింగ్ సంస్థ అలాంటి పుస్తకానికి మామూలు నీలం చీటీకి బదులు ఊదా చీటీ వేస్తుంది, దానితో ధర బాగా పడిపోతుంది. తొడుగు తీయకుండానే టేబుల్ లైటును పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, పుస్తకాన్ని మెల్లగా తిప్పాను. నలుపంతా ఒకే మెరుపుతో కనిపించింది. పై పిన్ను దగ్గర తెల్లగీతలు అలాగే ఉన్నాయి. దిద్దేవాళ్లు వాటిని వదిలిపెట్టరు కదా అని ఆయనే అన్నారు. మేం అనుకున్న ధరకే బేరం కుదిరింది. నా మాట మీద కాకుండా తన చూపు మీద నమ్మకంతో ఆయన కొనడం నాకు ఎంతో సంతృప్తినిచ్చింది.

అయితే లైటు ఎదురుగా పెడితే ఈ పొర అద్దంలా మెరిసి, చూడవలసిన లోపాన్నే కప్పేస్తుంది. పైగా బిగువైన అంచు కావడంతో పుస్తకాన్ని ఒంటరిగా దూర్చితే మూల మడతపడుతుంది. ఆమ్లం లేని అట్ట మీద పెట్టి రెంటినీ కలిపి జార్చాలి. మరింత పెద్ద చిక్కు తేమ. కాకినాడ గాలిలో, పై మూత తెరిచి ఉండే ఈ తొడుగు లోపల, ఒక సంచిక పిన్నులు వానాకాలం గడిచేసరికి గోధుమ రంగుకు తిరిగాయి, ఆ మరక కాగితంలోకి కూడా దిగింది. తొడుగు చెక్కు చెదరలేదు కానీ పుస్తకం గ్రేడు తగ్గింది. పాలిస్టర్ తనంతట తానుగా కాగితానికి హాని చేయదు, కానీ లోపలికి చేరిన చెమ్మను బయటికి పంపలేదు. అందుకే ఇప్పుడు తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు గట్టిగా మూతపడే డబ్బాలో ఉంచి, పొట్లాలను తరచూ మారుస్తున్నాను.

హైదరాబాదు లాంటి కొంత పొడి వాతావరణంలో ఉండేవారికి ఈ అదనపు శ్రమ అంతగా అవసరం పడకపోవచ్చు. నేను అమ్మేవి కొద్ది పుస్తకాలు, అదీ చాలావరకు 1960ల సంచికలు కాబట్టి ఈ ఖర్చు నాకు గిట్టుబాటవుతోంది. 1980లలో వారపత్రికగా విరివిగా వచ్చిన సంచికలను మాత్రం పాలిప్రొపిలీన్ అనే మామూలు ప్లాస్టిక్ సంచుల్లోనే ఉంచి, అవి మసకబారినప్పుడు కొత్తవి వేస్తున్నాను.