ఫోన్లో పుస్తకాలకు ఏ యాప్ మేలు? కిండిల్, ప్లే బుక్స్, లిబ్బీ, రీడ్‌ఎరా

రాత్రిపూట నల్ల బ్యాక్‌గ్రౌండు, అక్షరాల సైజు మార్చుకోవడం: ఇవి నాలుగింట్లోనూ ఉన్నాయి. వీటిని చూసి యాప్ ఎంచుకోవాల్సిన పనిలేదు. అసలు తేడా రెండు చోట్ల తేలుతుంది. పుస్తకం ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది? ఫోన్ మారిన రోజున మీ హైలైట్లూ నోట్సూ ఏమవుతాయి?

దానికన్నా ముందు ఫైలు రకం చూసుకోవాలి. ఫోన్‌కి ఈపబ్ కుదిరినట్టు పీడీఎఫ్ కుదరదు. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, మామూలు ఫోన్ తెర 70 మిల్లీమీటర్లు. పేజీ మొత్తం పట్టాలంటే మూడో వంతుకి కుదించాలి, అంటే 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లకి దిగుతుంది. పెద్దది చేస్తే ప్రతి లైనుకీ తెరని పక్కకి జరపాలి, పది పేజీలకే విసుగొస్తుంది. ఈపబ్ అంటే వెబ్ పేజీల్లాంటి ఫైళ్లను జిప్ చేసిన మూట. అక్షరం ఎంత పెంచినా లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. రెండూ దొరికినప్పుడు కళ్లు మూసుకుని ఈపబ్ తీసుకోండి. బొమ్మలు, పట్టికలు, లెక్కల సూత్రాలు నిండిన పుస్తకాలకు మాత్రం పీడీఎఫ్ తప్పదు. అవి టాబ్లెట్‌లో చదివేవి, ఫోన్లో కాదు.

తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో చిక్కుంది. యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లతో కట్టిన పుస్తకం కంటికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లు. అందుకే వెతికితే మాట దొరకదు, పైకి చదివించే సౌకర్యం పిచ్చి కూతలు కూస్తుంది. తెలుసుకోవడం తేలిక. ఒక లైను కాపీ చేసి మెసేజ్ డబ్బాలో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే నిక్షేపం. గుర్తుల గందరగోళం వస్తే పాత ఫాంటు. అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ఈ రెండో రకాన్నీ మూడో రకాన్నీ ఏ రీడింగ్ యాపూ బాగుచేయలేదు, తప్పు యాప్‌ది కాదు.

ఇక అమెజాన్ వారి కిండిల్. కొనుక్కుని చదివేవాళ్లకి, ఫోనూ కిండిల్ రీడరూ రెండూ వాడేవాళ్లకి ఇదే సుఖం. ఒకచోట ఆపిన పేజీ రెండోచోట తెరుచుకుంటుంది. సొంత ఈపబ్‌లను 'సెండ్ టు కిండిల్' ద్వారా పంపుకోవచ్చు. అయితే కొన్న పుస్తకం చాలావరకు ఆ కొట్టు తాళం (కాపీ చేయనివ్వని రక్షణ) కిందే ఉంటుంది. కొన్నవాటిని కంప్యూటర్‌లోకి దింపి, యూఎస్‌బీ ద్వారా రీడర్‌లోకి ఎక్కించుకునే మార్గాన్ని 2025 ఫిబ్రవరి 26న తీసేశారు. హైలైట్లలో ఎంత భాగం బయటికి కాపీ చేసుకోవచ్చన్న దానికి ప్రచురణకర్త పెట్టిన పరిమితి ఒకటుంటుంది, అది దాటితే నోట్సులో వాక్యం సగంలో తెగిపోతుంది. చాలామందిని తికమకపెట్టేది సింక్, అంటే చదివిన చోటును పరికరాలన్నింట్లో ఒకటిగా ఉంచడం. చివరి అనుబంధం చూద్దామని ఒకసారి దూకితే, రెండో పరికరం మిమ్మల్ని అక్కడికే రమ్మంటూ ఉంటుంది. అమెజాన్ అకౌంట్‌లో 'మేనేజ్ యువర్ కంటెంట్ అండ్ డివైసెస్'కి వెళ్లి, ఆ పుస్తకం పక్క మెనూలో 'క్లియర్ ఫర్దెస్ట్ పేజ్ రెడ్' నొక్కితే ఆ గోల తగ్గుతుంది.

సొంత ఫైళ్లు చాలా ఉండి, రెండు మూడు పరికరాల్లో చదివేవాళ్లకి మా ఓటు గూగుల్ ప్లే బుక్స్‌కే. తాళం లేని ఈపబ్, పీడీఎఫ్ ఎక్కిస్తే కాసేపటికి అన్నింట్లోనూ కనబడతాయి. ఫోన్‌లోని ఫైలు నుంచి నేరుగా పంపేటప్పుడు ప్లే బుక్స్ పేరు కనబడకపోతే, యాప్ సెట్టింగుల్లో పీడీఎఫ్ అప్‌లోడ్ ఆన్ చేయండి. నోట్సు గూగుల్ డ్రైవ్‌లోకి వెళ్లే ఏర్పాటూ అక్కడే ఉంది. మొదటి రోజే పెట్టుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

రీడ్‌ఎరా దీనికి పూర్తిగా ఎదురు. అకౌంటూ అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. ఫోన్లో ఎక్కడ ఫైలుంటే అక్కడే తెరుస్తుంది, పీడీఎఫ్ మార్జిన్లు కత్తిరించి అక్షరాన్ని కాస్త పెద్దది చేస్తుంది. ఒక్క ఫోన్లోనే చదివితే ఇంతకన్నా తేలికైనది మాకు తట్టలేదు. కానీ ఫైలు తీసేస్తే పుస్తకం పోయినట్టే, యాప్ తీసేస్తే హైలైట్లు పోయినట్టే. మెసేజింగ్ యాప్‌లో వచ్చిన పుస్తకాన్ని అక్కడి నుంచే తెరవకండి. స్టోరేజ్ శుభ్రం చేసిన రోజున అదీ కొట్టుకుపోతుంది. 'బుక్స్' అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టుకోండి. ఫోన్ మార్చే ముందు బ్యాకప్ తీసి, ఆ ఫైలును ఫోన్ బయట దాచుకోండి.

లిబ్బీ సంగతి వేరు, అది గ్రంథాలయం నుంచి ఈ-పుస్తకాలు అరువు తెచ్చుకునే యాప్. దానికి మీరు సభ్యులైన గ్రంథాలయం ఆ సేవలో చేరి ఉండాలి. లేకపోతే ఆ యాప్‌తో పనేమీ లేదు. ఉంటే మాత్రం ఒక్క పుస్తకమైనా కొనే ముందు వెతకాల్సిన చోటు ఇదే. గడువు గ్రంథాలయాన్ని బట్టి సాధారణంగా 7, 14 లేదా 21 రోజులు. ఆ రోజు రాగానే పుస్తకం దానంతటదే వెనక్కి వెళ్తుంది, జరిమానా ఉండదు. చిక్కల్లా హోల్డ్‌లతోనే, అంటే వేరేవాళ్ల దగ్గరున్న పుస్తకం కోసం వరసలో పేరు పెట్టుకోవడంతోనే. ఆత్రంగా పది పుస్తకాలకి క్యూలో నిలబడితే నాలుగు ఒకే వారం వచ్చి పడతాయి, ఒక్కటీ పూర్తికాదు. వంతు వచ్చినా చదివే తీరిక లేకపోతే రద్దు చేయకండి, 'డెలివర్ లేటర్' నొక్కండి. క్యూలో మీ స్థానం పోదు, పుస్తకం వెనకవాళ్లకి వెళ్తుంది.

ఏం చదవాలో వెతుక్కోవడానికి గుడ్‌రీడ్స్, స్టోరీగ్రాఫ్ ఉన్నాయి. సమీక్షల రాశి మొదటిదానిలో ఎక్కువ. మూడున్నర చుక్కలు ఇవ్వాలంటే రెండోదే గతి. కాపీరైటు తీరిన పుస్తకాలకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ నుంచి నేరుగా ఈపబ్ దింపుకోండి.

వినడం ఇష్టమైతే స్వచ్ఛందంగా చదివి రికార్డు చేసినవి లిబ్రివాక్స్‌లో ఉచితం. గొంతును బట్టి నాణ్యత మారుతుంది కాబట్టి ఒక అధ్యాయం విని చూశాకే మిగతావి దింపండి. 64 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు సుమారు 29 ఎంబీ, పది గంటల పుస్తకం 290 ఎంబీ. తెర ఆరిన కాసేపటికి శబ్దం ఆగిపోతుంటే ఫైలును అనుమానించకండి, ఆండ్రాయిడ్ బ్యాటరీ పొదుపు ఆ యాప్‌ను ఆపేస్తోందన్నమాట. సెట్టింగుల్లో ఆ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర 'అన్‌రెస్ట్రిక్టెడ్' ఎంచుకోండి.