ఇంకుడు గుంత కట్టించుకున్నాము: కంకర, ఇసుకల ఎంపికలో ఈ బృందం పనితనం

హైదరాబాదులో మా ఇంటి డాబా మీద పడే వాన నీటిని భూమిలోకి పంపేందుకు ఈ బృందం చేత ఇంకుడు గుంత కట్టించుకున్నాము. ఒక వానాకాలం పూర్తిగా గడిచి, గుంత ఎలా పనిచేస్తున్నదో చూసిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. ఐదింటికి నాలుగు ఇస్తాను. గుంత బాగోగులన్నీ అందులో వేసే కంకర, ఇసుకల సైజు మీదనే ఆధారపడి ఉంటాయని ఈ మేస్త్రీలకు బాగా తెలుసు. ఒక్క పై పొర దగ్గర తప్ప ఆ తెలివిడి పనిలో అడుగడుగునా కనిపించింది.

తవ్వకానికి ముందు వారు నేలను పరీక్షించారు. గుంత వచ్చే చోట మోకాటి లోతున చిన్న గొయ్యి తీసి, నీళ్లు నింపి, అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, మట్టం ఎంత వేగంగా దిగుతున్నదో స్కేలుతో కొలిచారు. పొడి నేల మొదట్లో ఎక్కువ నీరు పీల్చుకుంటుంది కాబట్టి, తడిసిన తరువాత ఇంకే వేగాన్నే లెక్కలోకి తీసుకోవడం సరైన పద్ధతి. మా దగ్గర పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు ఉన్నాయి. గట్టి గ్రానైటులో ఖాళీలు సాధారణంగా ఒక శాతం కూడా ఉండవు. నీరు నిలిచేదీ కదిలేదీ ఆ రాయి శిథిలమై ఏర్పడిన మొరంలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే. అందుకే గుంత అడుగు మొరంలోకి దిగేదాకా తవ్వాలని పట్టుబట్టారు, తవ్వారు.

నల్లరేగడి మందంగా ఉన్న స్థలాల్లో ఇలాంటి గుంత పనికిరాదని, అలాంటి చోట పని ఒప్పుకోబోమని వారు ముందే చెప్పడం నాకు చాలా నచ్చింది. ఆ నేలలో ఖాళీలు తక్కువేమీ కాదు. బంకమట్టి రేణువులు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నవి, అలాంటి మట్టిలో సగం ఘనపరిమాణం ఖాళీయే కావచ్చు, అంటే దాని సచ్ఛిద్రత ఇసుకను కూడా మించవచ్చు. అయితే ఆ ఖాళీలు అతి సన్నవి కావడం వల్ల నీరు రేణువులను అంటిపెట్టుకుని కదలలేదు, పారగమ్యత, అంటే నీటిని తనగుండా పారనిచ్చే గుణం, ఇసుకతో పోలిస్తే లక్ష రెట్లకు పైగా పడిపోతుంది. ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన నల్లరేగడి మొదటి వానను గటగటా తాగేసినా, తడిసి ఉబ్బగానే నెర్రెలు మూసుకుపోతాయి. డబ్బు వస్తుంది కదా అని అక్కడ కూడా గుంత తవ్వి వెళ్లిపోయేవారు ఉన్నారు కాబట్టి ఈ నిజాయితీకి విలువ ఇస్తున్నాను.

ఇక కంకర సంగతి. మా గుంత పొడవు, వెడల్పు, లోతు తలా రెండు మీటర్లు. అడుగున మీటరు మందం 40 ఎంఎం కంకర, దాని మీద 60 సెంటీమీటర్లు 20 ఎంఎం కంకర, ఆపైన 20 సెంటీమీటర్లు దొడ్డు ఇసుక వేసి, మిగిలిన 20 సెంటీమీటర్లు నీరు నిలవడానికి వదిలారు. మొదట వచ్చిన లోడులో సన్న చిప్స్, క్రషర్ డస్ట్ (రాతి పొడి) కలిసి ఉండటం చూసి సూపర్‌వైజరు దానిని దింపనివ్వకుండా వెనక్కి పంపేశాడు. కంకరే కదా, ఏదైతే ఏమిటని అనిపించవచ్చు గానీ లెక్క వేస్తే తేడా పెద్దది. ఒకే సైజు గుండ్లను పేర్చినప్పుడు మధ్య మిగిలే ఖాళీ, పేర్పును బట్టి 26 నుంచి 48 శాతం దాకా ఉంటుంది. గుండు చిన్నదా పెద్దదా అన్నదానితో ఆ శాతానికి సంబంధం లేదు. క్రషర్ నుంచి వచ్చిన ఒకే సైజు కంకరలో సుమారు 40 శాతం ఖాళీ అనుకుంటే, మా గుంతలోని 6.4 ఘనమీటర్ల కంకర భాగంలో 2,560 లీటర్ల నీరు పడుతుంది. నూరు చదరపు మీటర్ల స్లాబు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే వచ్చే నీరు 2,500 లీటర్లు, అంటే ఒక మంచి వాన నీరంతా కంకరలోనే సర్దుకుంటుంది. అదే కంకర సందుల్లో డస్ట్ పూర్తిగా నిండిపోతే, డస్ట్‌లోనూ 40 శాతమే ఖాళీ ఉంటుంది కాబట్టి, మొత్తం మీద మిగిలేది 40లో 40 శాతం, అంటే 16 శాతం మాత్రమే. అంతే డబ్బుకు, అంతే తవ్వకానికి గుంత వెయ్యి లీటర్ల తొట్టిగా మారిపోతుంది. పైగా ఆ నీరు కూడా సన్న సందుల్లో ఈడుస్తూ కదులుతుంది.

ఇసుక విషయంలోనూ రోబో సాండ్ (రాయిని యంత్రాలతో నలగ్గొట్టి చేసే ఇసుక) వద్దని, కడిగిన దొడ్డు ఇసుకే కావాలని వారే చెప్పారు. రోబో సాండ్‌లో రాతి పొడి ఎక్కువ. 1892లో అమెరికా ఇంజనీరు అలెన్ హేజెన్ నీటిని వడకట్టే ఇసుకలను పరిశీలించి, పారగమ్యత రేణువు వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుందని చూపాడు, అంటే వ్యాసం సగమైతే నీరు పారే వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆయన ఆ లెక్కకు సగటు రేణువును తీసుకోలేదు. బరువులో పది శాతం ఇసుక ఏ సైజు కన్నా సన్నగా ఉంటుందో ఆ సైజును తీసుకున్నాడు. పదో వంతు పొడి కలిసినా మొత్తం ఇసుక ఆ పొడిలాగే ప్రవర్తిస్తుందని దీని అర్థం, కాబట్టి కడిగిన ఇసుకకు పెట్టే అదనపు ఖర్చు వృథా కాదు.

ఒక మార్కు తగ్గించింది ఇక్కడే. ఈ ఇసుకను 20 ఎంఎం కంకర మీద నేరుగా పోశారు. ఒక పొర రేణువులు కింది పొర సందుల్లోకి జారకుండా ఉండాలంటే, కింది పొరలోని సన్న రేణువులు పై పొరలోని పెద్ద రేణువులకు నాలుగైదు రెట్లు మించకూడదని మృత్తికా యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడైన ఇంజనీరు కార్ల్ టెర్జాగీ పేరుతో నేటికీ ఇంజనీర్లు వాడే నియమం ఉంది. మా ఇసుకలో పెద్ద రేణువులు రెండు మిల్లీమీటర్లు, దాని కింది కంకరలో చిన్నవి సుమారు పదిహేను, అంటే ఏడు రెట్లకు పైనే. అనుకున్నట్టే వానలు పడేకొద్దీ ఇసుక పొర అక్కడక్కడ కుంగింది. మధ్యలో పది సెంటీమీటర్ల మందం 6 ఎంఎం చిప్స్ వేసి ఉంటే ఇది జరిగేది కాదు, దానికయ్యే ఖర్చు కూడా స్వల్పం. ఫోను చేస్తే వచ్చి, ఇసుక తీసి, చిప్స్ పొర వేసి, మళ్లీ ఇసుక పరిచారు. కూలీ అడగలేదు, సామాను ఖర్చు మాత్రం తీసుకున్నారు. అడిగేదాకా ఆగకుండా మొదటే వేయవలసిన పొర అది.

డాబా నీరు గుంతలో పడేముందు మట్టి దిగడానికి కట్టిన చిన్న తొట్టి ఇంకొంచెం పెద్దదిగా ఉండవలసింది. స్లాబు మీది దుమ్ము, ఒండ్రు ఇసుక మీద పలచని పొరగా పేరుకుంటే, నీరు పై నుంచి కిందికి దిగేటప్పుడు ఆ పలచని పొరే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. కింద ఎంత మంచి కంకర ఉన్నా ప్రయోజనం ఉండదు. వానాకాలానికి ముందు పైన ఐదు సెంటీమీటర్ల ఇసుక గీకి తీసి కొత్తది పరిచే సేవ వీరి దగ్గరే ఉంది. ఆ పని ఇంట్లో వారే చేసుకోవచ్చు, తీరిక లేనివారు వీరికి అప్పగించవచ్చు.

ధర మేము విచారించిన మిగతావారి కన్నా కొంత ఎక్కువే. పని చెప్పిన గడువులో పూర్తయింది, తవ్విన మట్టిని కూడా వారే తీసుకెళ్లారు. మొరం నేల ఉన్నవారు నిశ్చింతగా పిలవవచ్చు. ఒప్పందం కాగితంలో 6 ఎంఎం చిప్స్ పొరను, పెద్ద మట్టి తొట్టిని ముందే రాయించుకోండి, కంకర లోడు దింపేటప్పుడు ఎవరో ఒకరు దగ్గరుండి చూడండి.