స్పిన్‌లోకి వెళ్ళేటప్పుడు థ్రాటిల్ మూయాలా, కాస్త పవర్ ఉంచాలా?

తేలికపాటి ఏరోబాటిక్ (గాలిలో విన్యాసాలు చేసే) విమానాన్ని స్పిన్‌లోకి, అంటే రెక్కలు పట్టు కోల్పోయి గిరగిరా తిరుగుతూ కిందికి పడే స్థితిలోకి, దించడానికి రెండు దారులున్నాయి.

మొదటి దారిలో థ్రాటిల్ (ఇంజన్ పవర్‌ను అదుపు చేసే లివర్) పూర్తిగా మూసి, ఎత్తు తగ్గకుండా స్టిక్‌ను నెమ్మదిగా లాగుతూ వేగం తగ్గిస్తాం. స్టాల్‌కు (రెక్కలు విమానాన్ని మోసే బలాన్ని కోల్పోయే క్షణానికి) సరిగ్గా ముందు రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్‌ను చివరిదాకా తొక్కి, స్టిక్‌ను పూర్తిగా పొట్ట దగ్గరికి తెచ్చుకోవాలి. ఐలెరాన్లు (విమానాన్ని పక్కకు వాల్చే రెక్కల చివరి పలకలు) మధ్యలోనే ఉండాలి. నేర్చుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఏం జరుగుతోందో గమనించే తీరిక ఉంటుంది.

కానీ కొన్ని విమానాలు ఇలా చేస్తే మొరాయిస్తాయి. రెక్క వాలుతుంది, ముక్కు దిగుతుంది, చూస్తుండగానే అది స్పైరల్ డైవ్ (స్టాల్ లేకుండా, వేగం పెరుగుతూ వంపు తిరుగుతూ దూకడం) అయిపోతుంది. ఎయిర్‌స్పీడ్ సూదిని చూడండి. స్పిన్‌లో అది తక్కువ వేగం దగ్గరే ఉంటుంది, స్పైరల్‌లో పెరుగుతూ పోతుంది. పెరుగుతుంటే ఇంకా లాగకూడదు. వెంటనే థ్రాటిల్ మూసి, స్టిక్ వదులు చేసి, రెక్కలు సమం చేసి, మెల్లగా పైకి తీయాలి.

అలాంటి విమానాలకు రెండో దారి పనికొస్తుంది. కాస్త పవర్ ఉంచి, మామూలు స్టాల్ కంటే కొంచెం చురుగ్గా వేగం తగ్గించాలి. ప్రొపెల్లర్ గాలి తోక మీద పడి రడ్డర్‌కూ ఎలివేటర్‌కూ (ముక్కును పైకీ కిందికీ కదిపే తోక పలక) బలమిస్తుంది. సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానం మాన్యువల్ కూడా ఈ సలహా ఇస్తుంది. తిరగడం మొదలవగానే థ్రాటిల్ మూసేయాలి. పవర్ అలాగే ఉంటే స్పిన్ ఫ్లాట్ అయ్యే (ముక్కు పైకి లేచి విమానం దాదాపు అడ్డంగా తిరిగే) ప్రమాదం ఉంది.

ఏ దారైనా రడ్డర్‌ను సగం తొక్కి ఊరుకుంటే ఎంట్రీ (స్పిన్‌లోకి ప్రవేశం) చెడుతుంది. స్పిన్‌కు అనుమతి ఉన్న విమానం, పరిమితుల్లో ఉన్న బరువు, సరిపడా ఎత్తు, పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా రెండింటిలో ఏదీ ప్రయత్నించవద్దు.