ఓరైలీ పుస్తకాలు, సబ్‌స్క్రిప్షన్: ఏళ్ళ తరబడి చదివాక నా రివ్యూ

నా టేబుల్ మీద అడవి పంది బొమ్మున్న పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉంటుంది, మార్టిన్ క్లెప్‌మన్ రాసిన డిజైనింగ్ డేటా ఇంటెన్సివ్ అప్లికేషన్స్, కంప్యూటర్ పుస్తకాల పబ్లిషర్ ఓరైలీ 2017లో వేసిన మొదటి ఎడిషన్. అట్ట అంచులు తెల్లబడిపోయాయి, ట్రాన్సాక్షన్స్ (డేటాబేస్‌లో ఒక్క పనిగా జరగాల్సిన మార్పులు) చాప్టర్ దగ్గర తెరిచి వదిలేస్తే మళ్ళీ మూసుకోదు, అన్నిసార్లు తెరిచాను. అందులో డాక్టర్ల ఉదాహరణ ఒకటుంది. డ్యూటీలో ఇద్దరు డాక్టర్లుంటారు, కనీసం ఒక్కరైనా ఉండి తీరాలని రూలు, ఇద్దరికీ ఒంట్లో బాగోక ఇంచుమించు ఒకే క్షణంలో సెలవు బటన్ నొక్కుతారు, రెండు ట్రాన్సాక్షన్లూ ఇద్దరున్నారు కదా అని లెక్క చూసుకుని ఓకే అయిపోతాయి, చివరికి డ్యూటీలో ఒక్కరూ మిగలరు. ఇలా విడివిడిగా సరిగ్గానే ఉన్న రెండు మార్పులు కలిసి రూలు తప్పించడాన్నే రైట్ స్క్యూ అంటారు, అదేంటో అంతకుముందు చాలా చోట్ల చదివాను, ఎక్కడా బుర్రకెక్కలేదు, ఇక్కడ రెండు పేజీల్లో ఎక్కేసింది, ఆ వారంలోనే మేం రాసుకున్న కోడ్‌లో అచ్చం ఇలాంటిదే ఒకటి దొరికింది కూడా.

ఓరైలీ అంటే నాకు ఇంత ఇష్టం ఎందుకో చెప్పడానికే ఇది ముందు రాసాను. ఐతే ఓరైలీ పేరు చూసి ఏ పుస్తకమైనా కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చా అని ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క నిమిషం ఆగమంటాను. ఈ పబ్లిషర్ మొదట్నించీ కంప్యూటర్ ఇండస్ట్రీకి బయట నిలబడి పుస్తకాలు అమ్మినవాళ్ళు కాదు, ఇండస్ట్రీ నడిమధ్యలో కూర్చుని పని చేసినవాళ్ళు. వాళ్ళ పుస్తకాల్లో ఉన్న బలం అక్కడ్నించే వచ్చింది, చూసుకోవాల్సిన జాగ్రత్త కూడా అక్కడే ఉంది.

వీళ్ళు పబ్లిషర్‌గా మొదలవలేదు అసలు. టిమ్ ఓరైలీ హార్వర్డ్‌లో చదివింది గ్రీకు లాటిన్ సాహిత్యం, 1978లో కంప్యూటర్ కంపెనీలకి మాన్యువల్స్ రాసిపెట్టే చిన్న కన్సల్టింగ్ పని మొదలెట్టాడు. అంటే కంపెనీ డబ్బులిస్తుంది, వీళ్ళు వాళ్ళ మెషిన్ గురించి రాసిస్తారు, అంతే. ఎనభైల మధ్యలో ఆ కాంట్రాక్టులు తగ్గేసరికి రాసిన వాటి హక్కులు తమ దగ్గరే పెట్టుకుని యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద సన్న సన్న పుస్తకాలు వేసి అమ్మడం మొదలెట్టారు, వాటికి నట్‌షెల్ హ్యాండ్‌బుక్స్ అని పేరు. తర్వాత యూనిక్స్ మెషిన్ల తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ మీద లావుపాటి మాన్యువల్స్ రాసారు, వాటిని వర్క్‌స్టేషన్ కంపెనీలు లైసెన్స్ తీసుకుని తమ మెషిన్లతో పాటు ఇచ్చేవి. ఒకే పుస్తకం ఒక పక్క కంపెనీకీ ఇంకో పక్క మామూలు ప్రోగ్రామర్‌కీ వెళ్ళేది అన్నమాట. 1989లో అమెరికా తూర్పు తీరం నుంచి కాలిఫోర్నియాలోని సెబాస్టొపోల్‌కి మారారు, సిలికాన్ వ్యాలీకి ఉత్తరాన ఉండే చిన్న ఊరు, చాలా ఏళ్ళు వాళ్ళ అడ్రస్ అదే.

అట్ట మీద జంతువుల సంగతి అందరికీ తెలిసిందే. ఈడీ ఫ్రీడ్‌మన్ అనే డిజైనర్ ఆలోచన అది, వీఐ, సెడ్, ఆక్ లాంటి యూనిక్స్ టూల్స్ పేర్లు వింటే ఏవో వింత జీవుల పేర్లలా అనిపించి పందొమ్మిదో శతాబ్దపు చెక్కుడు బొమ్మలు వెతికి అట్ట మీద పెట్టింది. సెడ్ అండ్ ఆక్ పుస్తకం మీద ఉన్నవి దేవాంగపిల్లులు, ఆ పెద్ద పెద్ద గుండ్రటి కళ్ళు చూస్తే అర్ధరాత్రి టెర్మినల్ ముందు కూర్చున్నవాడి కళ్ళే గుర్తొస్తాయి నాకు. ఎక్కువమంది చూడని చోటు ఇంకోటుంది, పుస్తకం చివరి పేజీ, కోలోఫోన్ అంటారు. అట్ట మీది జంతువు ఏంటి, ఎక్కడ బతుకుతుంది, ఏం తింటుంది, ఏ ఫాంట్ వాడారు, ఇవన్నీ ఓపిగ్గా రాస్తారు. డేటాబేస్ పుస్తకం చివర అడవి పంది గురించి ఒక పేజీ చదవడం వల్ల ఉద్యోగానికి ఉపయోగం లేదు, కానీ అంత చిన్న చోట కూడా శ్రద్ధ పెట్టిన చెయ్యి లోపలి పేజీల మీద కూడా పెట్టి ఉంటుందని నాకు నమ్మకం కలుగుతుంది. లోపల కూడా అంతే, ప్రతి పుస్తకం మొదట్లో ఏది కోడ్, ఏది ఫైల్ పేరు, ఏది మీరు టైప్ చెయ్యాల్సింది అని అక్షరాల తీరుతో సహా చెప్తారు, ఈమధ్య పుస్తకాల్లో తేలు బొమ్మ కనిపిస్తే జాగ్రత్త అని అర్థం, ఆ తేలు దగ్గర రాసింది వదిలేసి ముందుకెళ్ళినవాళ్ళు మళ్ళీ అక్కడికే వెనక్కి రావాల్సి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇండస్ట్రీతో ఉన్న లంకె. 1993లో గ్లోబల్ నెట్‌వర్క్ నావిగేటర్ అని ఒక వెబ్‌సైట్ పెట్టారు, యాడ్స్ వేసుకున్న మొట్టమొదటి వెబ్‌సైట్లలో అదొకటి, 1995లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీకి అమ్మేసారు. ఒక పుస్తకాల కంపెనీ వెబ్ గురించి పుస్తకం వేసి ఊరుకోకుండా వెబ్‌నే వ్యాపారం చేసి చూపించింది, అదీ చాలామంది వెబ్ పేరు కూడా వినని రోజుల్లో. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష సంగతి ఇంకా దగ్గరిది. 1991లో ఒంటె బొమ్మతో పెర్ల్ పుస్తకం వేసారు, రాసినవాళ్ళలో ఒకరు పెర్ల్ సృష్టికర్త లారీ వాల్, తర్వాత కొన్నేళ్ళు ఆయనకి జీతమిచ్చి పెర్ల్ మీదే పని చేసుకోనిచ్చారు, 1997లో పెర్ల్ కాన్ఫరెన్స్ పెట్టారు. ఒంటె బొమ్మ పెర్ల్‌కి ఎంత అతుక్కుపోయిందంటే ఇప్పటికీ అది భాష గుర్తో పుస్తకం గుర్తో విడదీయలేం, ట్రేడ్‌మార్క్ మాత్రం ఓరైలీదే.

1998 ఏప్రిల్ 7న పాలో ఆల్టోలో టిమ్ ఓరైలీ ఒక మీటింగ్ పెట్టాడు. లినక్స్ మొదలెట్టిన లైనస్ టోర్వాల్డ్స్, లారీ వాల్, పైథాన్ భాష చేసిన గైడో వాన్ రోసమ్, అపాచీ వెబ్ సర్వర్ వాళ్ళలో బ్రయన్ బెలెన్‌డార్ఫ్, ఈమెయిల్ చేరవేసే సెండ్‌మెయిల్ రాసిన ఎరిక్ ఆల్మన్, అప్పటి ఇంటర్నెట్‌ని మోస్తున్నవాళ్ళు చాలామంది ఒకే గదిలో కూర్చున్నారు. కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కి ఓపెన్ సోర్స్ అనే మాటని వాళ్ళు ఓటేసి ఒప్పుకున్నారు, ఆ మాట అప్పటికి రెండు నెలల కిందటే పుట్టింది, ప్రపంచంలోకి గట్టిగా వెళ్ళింది మాత్రం ఆ గది నుంచే. వీళ్ళందర్నీ ఒక పుస్తకాల కంపెనీ ఓనర్ ఎలా పిలవగలిగాడు అంటే, ఆ సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి చదవదగ్గ పుస్తకం వేసింది వీళ్ళే కాబట్టి, రాసినవాళ్ళు అప్పటికే స్నేహితులు కాబట్టి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలెట్టిన రిచర్డ్ స్టాల్మన్‌ని మాత్రం పిలవలేదు. సాఫ్ట్‌వేర్‌ని స్వేచ్ఛగా మార్చుకుని పంచుకోగలిగి దాని మాన్యువల్‌ని అలా చెయ్యలేకపోతే ఎలా అని ఆయన ఎప్పట్నించో అడుగుతున్నాడు, ఆ ప్రశ్న ఓరైలీకి గట్టిగానే తగుల్తుంది, దాన్ని నేను తీసిపారెయ్యలేను. ఐతే వీళ్ళు కొన్ని పుస్తకాల్ని ఫ్రీగా వదిలిన మాట కూడా చెప్పాలి, లినక్స్ డివైస్ డ్రైవర్స్ మూడో ఎడిషన్ 2005లో క్రియేటివ్ కామన్స్ కింద వచ్చింది, ఇప్పటికీ ఎవరైనా చట్టబద్ధంగా దించుకుని చదువుకోవచ్చు.

వాడేవాళ్ళే రాసి పంచుకునే కొత్త తరం వెబ్‌కి పెట్టిన వెబ్ 2.0 అనే మాట కూడా వీళ్ళ దగ్గర్నించి వ్యాపించిందే, 2004లో ఆ పేరుతో కాన్ఫరెన్స్ పెట్టారు. 2006లో ఐర్లాండ్‌లోని ఒక చిన్న లాభాపేక్ష లేని సంస్థ తమ మీటింగ్‌కి ఆ పేరు పెట్టుకుంటే కాన్ఫరెన్స్ భాగస్వామి కంపెనీ లాయర్ల నుంచి నోటీసు వెళ్ళింది, జనం మండిపడ్డారు, ఓరైలీ తరఫున తర్వాత సర్దుకున్నారు. షేరింగ్ గురించి అంత చెప్పినవాళ్ళ పేరు మీద అలాంటి నోటీసు వెళ్ళడం తప్పే. దానికన్నా నేను ఎక్కువ పట్టించుకునేది ఇంకోటుంది. 1999లో కొల్లాబ్‌నెట్ అనే కంపెనీ పుట్టడంలో ఓరైలీ చెయ్యి ఉంది, 2005లో సొంతంగా వెంచర్ ఫండ్ పెట్టారు. అంటే ఏ టెక్నాలజీ రాబోతోందో చెప్పేదీ వీళ్ళే, దాని మీద పుస్తకం వేసేదీ వీళ్ళే, 2020 దాకా దాని కాన్ఫరెన్స్ నడిపిందీ వీళ్ళే, ఆ చుట్టుపక్కల కంపెనీల్లో డబ్బు పెట్టేదీ ఆ కుటుంబంలోనే. ఇందులో దాచిపెట్టింది ఏమీ లేదు, అంతా బహిరంగమే, కానీ చదివేవాడికి ఇది తెలిసుండాలి.

ఎందుకంటే ఇది పుస్తకంలో కనిపిస్తుంది. సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ తీసుకోండి, పెద్ద సైట్లని ఆగకుండా నడపడం గురించి, ఉడుము బొమ్మది, 2016లో వచ్చింది, రాసింది ఎడిట్ చేసింది గూగుల్ వాళ్ళు, గూగుల్ సైట్‌లో ఫ్రీగానే చదువుకోవచ్చు. ఎర్రర్ బడ్జెట్ గురించి అందులో చెప్పింది బంగారం. నూటికి నూరు శాతం నడవాలనుకోవడమే తప్పు టార్గెట్, ఎంత ఆగిపోవచ్చో ముందే ఒప్పుకుని ఆ లెక్కలో కొత్త రిలీజ్‌లు చేసుకోండి అంటారు, ఇది పది మంది ఉన్న టీమ్‌కి కూడా పనికొస్తుంది. కానీ చాలా చాప్టర్ల కింద బోర్గ్, బోర్గ్‌మాన్ లాంటి గూగుల్ లోపలి సిస్టమ్స్ ఉన్నాయి, అవి మన దగ్గర ఉండవు, అంత మంది ఇంజినీర్లూ ఉండరు, అది మర్చిపోయి ఉన్నదున్నట్టు దించుకుంటే చిన్న టీమ్ నడుం విరుగుతుంది. అదే క్లెప్‌మన్ పుస్తకం చూడండి, ఆయన లింక్డిన్‌లో పని చేసినవాడే, కానీ పుస్తకం పూర్తయ్యేనాటికి కేంబ్రిడ్జ్‌లో రీసెర్చ్‌లో ఉన్నాడు, ఏ డేటాబేస్‌నీ అమ్మాల్సిన పని లేదు, అందుకే ప్రతిదాని లోపం మొహమాటం లేకుండా చెప్తాడు. రెండూ మంచి పుస్తకాలే, కానీ చదివే పద్ధతి వేరుగా ఉండాలి. చాలా మెషిన్ల మీద ప్రోగ్రాముల్ని నడిపించే కుబర్నేటీస్ మీద వీళ్ళ పుస్తకం ఒకటుంది, రాసినవాళ్ళలో దాన్ని మొదలుపెట్టినవాళ్ళే ఉన్నారు, ఏది ఎందుకు అలా ఉందో వాళ్ళకన్నా బాగా చెప్పగలిగేవాళ్ళు లేరు, అసలు మీకు కుబర్నేటీస్ అవసరమా అనే ప్రశ్నకి మాత్రం జవాబు వేరే చోట వెతుక్కోండి.

ఇంకో రకం ఉంది, అట్ట మీద ఫలానా కంపెనీ సౌజన్యంతో అని ఉండే ఫ్రీ రిపోర్టులూ ఫ్రీ కాపీలూ. మీ ఈమెయిల్ ఇస్తే ఆ కంపెనీ సైట్ నుంచి పీడీఎఫ్ వస్తుంది. చెడ్డవని అనను, కొన్ని చాలా బాగుంటాయి, కానీ డబ్బెవరిదో అట్ట మీదే రాసి ఉంది కాబట్టి అది చదివాకే లోపలికి వెళ్ళాలి. 1978లో కంపెనీ డబ్బులతో మాన్యువల్ రాసిన రోజులకి ఇది చుట్టమే.

ఇక సబ్‌స్క్రిప్షన్ గురించి, అంటే డబ్బు కట్టి పుస్తకాలు ఆన్‌లైన్‌లో చదువుకునే ఏర్పాటు. 2001లో ఇంకో పబ్లిషర్ పియర్సన్‌తో కలిసి సఫారీ పేరుతో మొదలెట్టారు, 2014లో పియర్సన్ వాటా కొనేసుకుని మొత్తం తమదే చేసుకున్నారు. వేరే పబ్లిషర్ల పుస్తకాలు కూడా అందులో ఉంటాయి, అదే దాని పెద్ద బలం, ఒక ప్రాబ్లమ్ వచ్చినప్పుడు అయిదు పుస్తకాల్లో ఆ ఒక్క చాప్టర్ మాత్రమే తెరిచి పక్కపక్కన పెట్టి చదవడం వేరే ఎక్కడా ఇంత హాయిగా కుదర్లేదు నాకు. రాస్తూ ఉండగానే చాప్టర్లు పెట్టే ఎర్లీ రిలీజ్‌లు కూడా ఉంటాయి, అవి ఎడిటింగ్ అవ్వనివి, కొత్త టూల్ అర్జెంటుగా నేర్చుకోవాల్సి వస్తే పనికొస్తాయి, నిదానంగా చదివే టైముంటే పూర్తయ్యేదాకా ఆగడం మేలు. 2019లో కాటకోడా అనే కంపెనీని కొని బ్రౌజర్‌లోనే టెర్మినల్ తెరిచి ప్రాక్టీస్ చేసే లాబ్స్ కలిపారు, ఐతే అందరికీ తెరిచి ఉన్న ఆ పాత సైట్‌ని 2022లో మూసేసారు, అది నేర్చుకునేవాళ్ళకి నష్టమే.

అంతకన్నా పెద్ద నష్టం 2017 జూన్‌లో జరిగింది. అప్పటిదాకా వాళ్ళ సైట్‌లోనే కాపీ చేసుకోనివ్వని డీఆర్‌ఎమ్ తాళం లేని ఈబుక్ కొనుక్కుని ఎన్ని మెషిన్లలో అయినా పెట్టుకోగలిగేవాళ్ళం, విడి పుస్తకాల అమ్మకం అక్కడ ఆపేసి సబ్‌స్క్రిప్షన్ వైపు తిప్పేసారు. పుస్తకాలు వేరే షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి, కానీ పాఠకుణ్ణి నమ్మి తాళం లేకుండా ఇచ్చిన పబ్లిషర్ ఆ పని తన చేత్తో మానేయడం నాకు ఇప్పటికీ బాధే. 2020 మార్చిలో కోవిడ్ దెబ్బకి మామూలు కాన్ఫరెన్స్‌ల వ్యాపారం కూడా శాశ్వతంగా మూసేసారు, రాసేవాళ్ళూ వాడేవాళ్ళూ ఎదురెదురుగా కూర్చునే చోటు అది, పుస్తకాలకి కొత్త రచయితలు దొరికే చోటు కూడా.

ఏఐ విషయంలో వీళ్ళ తీరు నాకు నచ్చింది. పుస్తకాల మీద నడిచే తమ సొంత ఏఐ జవాబుల వల్ల రచయితలకి రాయల్టీ వెళ్ళేలా ఏర్పాటు పెట్టుకున్నారు. 2025లో టిమ్ ఓరైలీ కూడా పాలుపంచుకున్న ఒక పేపర్ 34 ఓరైలీ పుస్తకాలు తీసుకుని, డబ్బు కట్టి చదవాల్సిన పేజీలు ఓపెన్‌ఏఐ మోడల్ ట్రైనింగ్‌లోకి వెళ్ళినట్టు కనిపిస్తోందని వాదించింది. ఇండస్ట్రీకి ఇంత దగ్గరగా ఉంటూ దాని మీదే ఇలా వేలెత్తి చూపడం తేలిక కాదు, 2000లో ఒక్క నొక్కుతో కొనే పద్ధతి మీద అమెజాన్ తీసుకున్న వన్ క్లిక్ పేటెంట్‌కి వ్యతిరేకంగా టిమ్ ఓరైలీ బహిరంగ లేఖ రాసినప్పుడూ అంతే, తన పుస్తకాలు అమ్మిపెట్టే షాపుతోనే గొడవ పెట్టుకున్నాడు.

కొనే ముందు నేను చేసేది చెప్తాను. ముందుమాటలో రచయిత ఎక్కడ పని చేస్తాడో చూస్తాను, కాపీరైట్ పేజీలో రివిజన్ హిస్టరీ తేదీ చూస్తాను, తర్వాత ఆ పుస్తకం ఎర్రాటా పేజీ తెరుస్తాను. పాఠకులు పంపిన తప్పులు, ఏ పేజీలో ఏ లైను, ఏది ఒప్పుకున్నారు, అన్నీ అక్కడ ఉంటాయి. వేరే ఒక పబ్లిషర్ పుస్తకంలో మూడో చాప్టర్ కోడ్ నడవక రెండు రోజులు నా ఇన్‌స్టలేషనే తప్పనుకుని కొట్టుకున్నాను, తప్పు పుస్తకంలో ఉంది, చెప్పడానికి ఒక ఈమెయిల్ అడ్రస్ కూడా లేదు. అందుకే ఎర్రాటా పొడుగ్గా ఉందని ఓరైలీ పుస్తకాన్ని వద్దనుకోకండి, పొడుగ్గా ఉంటే జాగ్రత్తగా చదివినవాళ్ళు ఎక్కువమంది ఉన్నట్టు.

డేటాబేస్‌లు, నెట్‌వర్క్, యూనిక్స్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ లాంటి నిదానంగా మారేవాటి మీద ఐతే కాగితం పుస్తకమే కొనండి, అయిదుకి అయిదు ఇస్తాను. ఆర్నెల్లకోసారి మారిపోయే ఫ్రేమ్‌వర్క్‌లకి సబ్‌స్క్రిప్షన్ చాలు, దానికి మూడున్నర, సొంత జేబులోంచి కట్టాలంటే బరువే కాబట్టి ముందు మీ ఆఫీసునో యూనివర్సిటీనో అడగండి, కొన్ని పబ్లిక్ లైబ్రరీలు కూడా మెంబర్లకి ఫ్రీగా ఇస్తాయి, ఆ సంగతి తెలియక కడుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.